ఓడేదాకా ఉతకని చొక్కా

జనవరి 9

ఆడపడుచు గారికి,

గారు అని ఎందుకు రాశానో నీకు తెలుసు. కోపం వచ్చినప్పుడే నాకు మర్యాద గుర్తొస్తుంది.

నువ్వు ఫోన్ చేస్తున్నావు, నేను ఎత్తడం లేదు. మీ అన్న ఎత్తి, పడుకుందని అబద్ధం చెబుతున్నాడు. నాకు పడక ఎక్కడిది? నీ గొంతు వింటే నా నోట్లోంచి ఏం వస్తుందోనని ఎత్తడం లేదు, అంతే. రాసేటప్పుడైతే ఒక్కో అక్షరం కూడబలుక్కునేసరికి సగం కోపం చల్లారుతుంది. నా చదువు సంగతి నీకు తెలియంది కాదు. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. పోట్లాటకి గుణింతాలు అక్కర్లేదు.

సంగతి చొక్కా గురించి.

నా కొడుకుని సాగనంపి వచ్చిన రోజు ఇంటినిండా మనుషులున్నారు. అద్దెకి తెచ్చిన కుర్చీలు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. అప్పుడు నువ్వు వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకున్నావు. ఏడుస్తావేమో అనుకున్నాను. నువ్వేమన్నావు? "వదినా, పిచ్చుక చొక్కా నాకిచ్చెయ్యి" అన్నావు. వాణ్ణి నువ్వు ముద్దుగా పిలిచే పేరు, ఆ చొక్కా, ఇంకో మాట లేదు. పుండు మీద కారం చల్లేవాళ్లు కూడా పుండు కాస్త ఆరేదాకా ఆగుతారు.

కొన్నది నువ్వే, కాదనను. మొదటి జీతం రాగానే పదేళ్ల పిల్లాడికి పెద్దవాళ్ల సైజు మిల్లు ఫుట్‌బాల్ జట్టు చొక్కా కొన్నావు, పెరుగుతాడులే అని. మోకాళ్ల దాకా వేలాడేది. పెరిగాడు. అది ఒంటికి సరిపోయింది, చంకల్లో చిరిగింది, నేను మాసికలు వేశాను. కొన్నదానికి ఒక్కరోజు, కుట్టినదానికి పదమూడేళ్లు. అది ఎవరిదో నువ్వే చెప్పు.

మిల్లు జట్టు ఓడేదాకా ఆ చొక్కా ఉతకకూడదని మీ ఇద్దరూ కలిసి చేసిన చట్టం ఒకటుంది కదా. ఊళ్లో హోటళ్ల దుప్పట్లన్నీ నా చేతి మీదుగా తెల్లగా బయటికి పోతాయి, నా ఇంటి తలుపు వెనక మేకుకి మాత్రం కంపుకొట్టే చొక్కా. ఎన్నిసార్లు పోట్లాడానో. "ముట్టుకున్నావంటే ఓడిపోతామమ్మా" అని మేకుకి అడ్డంగా నిలబడేవాడు. ఓడిన రోజు మాత్రం వాడే తెచ్చి నా బకెట్లో పడేసి, అది ఆరేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఉతుకుతుంటే ఎప్పుడూ ఒకచోటే మరక, కింద అంచు దగ్గర బొటనవేలు అచ్చు, టైర్ల నలుపు. పనిచేసే టైర్ల షాపు నుంచి నేరుగా మ్యాచ్‌కి పోయేవాడు, గోలు పడబోతుంటే ఆ అంచు పిడికిట్లో పట్టుకునేవాడట. దాన్ని వదలగొట్టడానికి కిరసనాయిలు, సబ్బు, నా గోళ్లు. మళ్లీ ఓడేసరికి మళ్లీ అక్కడే అచ్చు.

వాడు చూసిన ఆఖరి మ్యాచ్ గెలిచారు. చొక్కా మేకుకి తగిలించాడు. ఆ వారంలోనే పోయాడు. అంటే అది ఉతికే చొక్కా కాదు. చంక దగ్గర ముక్కు పెట్టి చూశాను. వాడే.

ఆ తర్వాత మిల్లు జట్టు ఆడినవన్నీ పక్కింటి రేడియోలో విన్నాను. ఓడలేదు. మొన్న ఆదివారం ఉండబట్టలేక గ్రౌండుకే వెళ్లాను. ఇన్నేళ్లు ఆ బంతిని దుమ్మెత్తిపోసిన దాన్ని, టికెట్టు కొనుక్కుని వెళ్లి నిలబడ్డాను. వాళ్లు గెలవడం కోసం కాదు. వాళ్లు ఓడకూడదు, అంతే.

చొక్కా ఇవ్వను. మళ్లీ అడగకు.

ఇట్లు,
కుట్టిన చెయ్యి


జనవరి 19

వదినకి,

ఉత్తరం అందింది. గుణింతాలు దిద్దలేదు, నీ తిట్లలో తప్పులుండవు.

నువ్వు గ్రౌండుకి వెళ్లావని అన్నయ్య ఫోన్లో చెబితే నేను నమ్మలేదు. జట్టు వాళ్లని కొట్టడానికి వెళ్లిందేమో కనుక్కో అన్నాను. నిజం చెప్పు, గొడుగు తీసుకెళ్లావా?

నేను డ్యూటీకి వెళుతున్నాను. బస్టాండులో నా పని నీకు తెలుసుగా, రోజంతా మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారంలో ఉందో చదవడం. మొన్న మీ ఊరి బస్సు చదవబోయి ఊరి పేరు దగ్గర ఆగిపోయాను. జనం పైకి చూస్తున్నారు, మైకులోంచి ఏమీ రావడం లేదు. పక్క సీటాయన మైకు లాక్కుని చదివాడు. మీ ఊరి బస్సులు ఇప్పుడు ఆయనే చదువుతున్నాడు. ఆ బస్సు దిగే కదా పిచ్చుక వచ్చేవాడు, అత్తా ఆకలి అంటూ.

చొక్కా ఎందుకు అడిగానంటే, నువ్వు కొత్త కోడలిగా వచ్చినప్పటినుంచీ నిన్ను చూస్తున్నాను. ఇంట్లో ఒక జేబురుమాలు మాసి ఉంటే నీకు అన్నం దిగదు. చుట్టాలొస్తే వాళ్లు ఒంటిమీద వేసుకున్నవి కూడా విప్పించి ఉతుకుతావు. మా ఆఫీసు ఆయన ఒకసారి మీ ఇంటికొచ్చి లుంగీతో కూర్చున్న సంగతి ఇప్పటికీ చెప్పుకుంటాడు. అలాంటి మనిషి దుఃఖంలో ఉంటే చేతులు ఊరుకుంటాయా? నీ ఇంట్లో అది క్షేమం కాదు వదినా. నా దగ్గరుంటే మూట కట్టి పెట్టెలో పెడతాను, ఎవరూ ముట్టుకోరు. అందుకే అడిగాను.

వంటింట్లో ఇవన్నీ చెప్పేంత గొంతు లేదు నాకు ఆ రోజు. ఉన్న గొంతుకి ఆ ఒక్క వాక్యమే వచ్చింది.

ఫోన్ ఎత్తు. తిట్టడానికైనా ఎత్తు.

నీ ఆడపడుచు
(గారు వద్దు)


ఫిబ్రవరి 1

క్షేమం గురించి తెలిసిన ఆడపడుచు గారికి,

నీ ఉత్తరం అక్కడిదాకా చదివి మడిచిపెట్టాను. నీ ఇంట్లో క్షేమం కాదు. బాగా రాశావు. మైకులో కూడా చదివెయ్, ఊరంతా వింటుంది.

నా కొడుకు నా ఇంట్లో పోలేదు. నా ఇంట్లో వాడికి ఇరవై మూడేళ్లు ఏమీ కాలేదు. ఒకసారి గడప తట్టుకుని పన్ను విరిగింది, అంతే. రోడ్డు పక్కన లారీ టైరు విప్పుతుంటే పోయాడు. అది నా ఇల్లా? టైర్ల షాపు ఓనరు వచ్చి ఇంత మొహం చేసుకుని ఏమన్నాడో నీకు తెలుసా? "జాకీ జారిందమ్మా" అన్నాడు. జారింది. పాతదయి అరిగిపోయిన జాకీ, మార్చమని వాడు నా ముందే ఫోన్లో ఆయనకి చెప్పాడు. ఆయన మార్చలేదు. కానీ మాట ఎలా ఉందో చూడు. ఆయన ఏమీ చెయ్యలేదట, జాకీయే జారిందట. పోలీసాయన అదే రాసుకున్నాడు. పరామర్శకొచ్చిన వాళ్లంతా అదే మాట. జారిందట పాపం, జారిందట పాపం. ఎవరి చేతుల్లోంచీ ఏదీ పోదు ఈ లోకంలో. అన్నీ వాటంతట అవే జారిపోతాయి.

లాండ్రీలో సూపర్‌వైజరమ్మ నిన్న నన్ను పక్కకి పిలిచి, ఇంకా ఎన్నాళ్లు ఇలా మొహం మాడ్చుకుని ఉంటావు, కాస్త తేరుకోవాలి అంది. ఇస్త్రీ రోలరు మీద దుప్పటి మధ్యలో వదిలేసి ఆవిడ వైపు చూశాను. దుప్పటి కాలింది. జీతంలో కోసుకోమన్నాను.

గ్రౌండులో మాత్రం తేరుకోమని ఎవరూ అనరు. అక్కడ అందరూ మొహాలు మాడ్చుకునే ఉంటారు. వాడు నిలబడే చోటు కనుక్కున్నాను, కంచె దగ్గర. పక్కన కటింగ్ షాపాయన నిలబడతాడు. నన్ను చూసి ఎవరని అడగలేదు, వాడి పోలిక కనిపించిందేమో, జరిగి చోటిచ్చాడు. అంతకంటే మంచి పరామర్శ నాకు ఎవరూ చెయ్యలేదు. ఇంట్లో ఏడుపు రాదు నాకు. అక్కడ నోరు తెరిస్తే అరుపొస్తుంది. రిఫరీని అన్న మాటలు విని కటింగ్ షాపాయన టోపీ సర్దుకున్నాడు. మన గోల్‌కీపర్‌ని అందరూ గోడ అంటారట. గోడా వాడి మొహమా, వచ్చేపోయే వాళ్లకి తెరిచి పెట్టిన తలుపు. పోయిన ఆదివారం రెండు గోల్స్ వదిలాడు. మనవాళ్లు చివర్లో రెండోది కొట్టి సమం చేశారు. డ్రా అయితే ఓడినట్టా అని అడిగాను. "గుడ్డికన్నా మెల్ల నయమమ్మా, ఓడలేదుగా" అన్నాడు ఆయన. ఇంటికొచ్చి చొక్కా చూసుకున్నాను. మేకుకే ఉంది. క్షేమంగానే ఉంది.

ఇట్లు,
క్షేమం తెలియని తల్లి


ఫిబ్రవరి 13

వదినకి,

నువ్వు ఒక్క వాక్యం చదివి మిగతాది మడిచేస్తే నేనేం చెయ్యను? చొక్కా క్షేమం అన్నాను, మనిషిని అనలేదు. ఉతికేస్తావేమోనని భయపడ్డాను. అంత మాట నీకు ఎలా తోచింది? వాణ్ణి నువ్వు పెంచిన తీరు చూసే కదా నేను నా పెళ్లి మాట ఎత్తకుండా ఉండిపోయాను. మనవల్ల కాదులే ఇంత శ్రద్ధ అని.

ఆ ఉత్తరం బయటికి తీసి మళ్లీ చదువు. చదవకపోతే నీ ఇష్టం. నాకూ కోపం వస్తుంది. వాడు నీకు కొడుకైతే నాకు ఏమీ కాడా? జాకీ సంగతి నాకు ఇప్పుడు చెబుతున్నావు. ఇన్నాళ్లూ అందరూ చెప్పిన ఆ జారిందన్న మాటనే నేనూ పట్టుకుని తిరిగాను.

ఇక చొక్కా గురించి. నువ్వు దాన్ని ఉతకకుండా కాపాడుతున్నావని ఇప్పుడు తెలిసింది. అయితే మనిద్దరం ఒకటే కోరుకుంటున్నాం, దానికోసం నెలన్నర నుంచి జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నాం. కానీ ఆ పని మిల్లు జట్టు చేతిలో పెట్టావేమిటి? వాళ్లు ఓడతారు వదినా. ఎప్పుడో ఒకప్పుడు ఓడతారు, అది వాళ్ల వృత్తి. మిల్లు మూతపడ్డ దగ్గరనుంచి వాళ్లు ఒక్క కప్పు గెలవలేదు.

ఆ చట్టం ఎలా పుట్టిందో నీకు తెలియదు. కొత్త చొక్కా వేసుకుని వాడు చూసిన మొదటి మ్యాచ్ గెలిచారు. నువ్వు ఆ సాయంత్రమే ఉతికేశావు. రెండోది ఓడిపోయారు. వాడు గ్యాలరీ మెట్ల మీద కూలబడి ఏడుపు, అమ్మ సబ్బు వల్లే ఓడిపోయామని. నవ్వొచ్చింది, కానీ నవ్వితే ఊరుకునేలా లేడు. సరే, ఇకనుంచి ఓడేదాకా ఉతకనివ్వొద్దులే అన్నాను. ఏడుపు ఆపడానికి అప్పటికప్పుడు అల్లిన మాట అది. అల్లింది నేను కాబట్టి రద్దు చేసేదీ నేనే. రద్దు. జట్టు గెలిచినా ఓడినా ఆ చొక్కా ముట్టుకోకు.

ఫైనల్ మా ఊళ్లోనే. మిల్లు జట్టు అక్కడిదాకా వస్తే నువ్వూ రా. మా ఇంట్లో ఉండు. ఉతకడానికి బట్టలు మాసి పెడతాను.

నీ ఆడపడుచు


మార్చి 2

ఆడపడుచుకి,

సెమీఫైనల్ గెలిచాం. పేపర్లో చూసే ఉంటావు.

గారు తీసేశాను, చూసుకో. మడిచిన ఉత్తరం విప్పి చదివాను. లుంగీ ఆయన సంగతి దగ్గర మీ అన్న నవ్వాడు. వాడు పోయాక మీ అన్న నవ్వడం అదే మొదలు, నవ్వి వెంటనే బయటికి వెళ్లిపోయాడు. ఆ వాక్యం సంగతి నేను తప్పుగా తీసుకున్నాను. సరేనా. ఇంక సాగదీయకు.

కానీ రద్దు అన్నావే, దానికి మాత్రం కడుపు మండిపోతోంది. రద్దు చెయ్యడానికి నువ్వెవరు? నువ్వు అల్లావు, నిజమే. పాటించింది ఎవరు? పదమూడేళ్లు నాతో పోట్లాడి, నా తిట్లు తిని, స్నేహితులు ముక్కు మూసుకుంటే భరించి, ఒక్కసారీ తప్పకుండా పాటించింది వాడు. నువ్వు నోటితో అన్నావు, వాడు చేసి చూపించాడు. వాడు నిలబెట్టిన మాటని వాడు లేడు కదా అని మనం పక్కకి తోసేస్తే, ఇక వాడు ఉన్నట్టా?

ఓడితే ఏం చేస్తానని అడగకు. ఓడరు.

ఫైనల్‌కి వస్తున్నాను. కటింగ్ షాపాయన వాళ్లు బస్సు మాట్లాడారు. మీ ఇంటికి రాను. మీది ఫైనల్లో మనమీద ఆడే రేవు జట్టు ఊరు, మ్యాచ్ రోజు ఆ నీళ్లు కూడా తాగను. చొక్కా సంచిలో పెట్టుకుని తెస్తాను, వాడు ఏ మ్యాచ్‌కీ అది లేకుండా వెళ్లలేదు. గ్రౌండులో కనిపించినా పలకరించకు. ఆ గంటన్నర నేను ఎవరికీ చుట్టాన్ని కాను.

వదిన


మార్చి 11

వదినా,

నువ్వు పలకరించొద్దన్నావని పలకరించలేదు. కానీ నేను వచ్చాను. మా ఊరివాళ్లంతా అటువైపు, నేను ఒక్కదాన్నే మీ గ్యాలరీ పై మెట్టు మీద. నీ వెనకే. సంచి ఒళ్లో పెట్టుకుని దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నావు. వాన మొదలైతే నీ నెత్తి మీద కొంగు లేదు, సంచి మీద కప్పావు. నేను మ్యాచ్ ఏం చూడలేదు. నిన్నే చూశాను.

ఆ గోలు మాత్రం చూశాను. చిన్నపిల్లాడు కూడా పట్టుకునే బంతి. గోడ చేతుల్లోకి వచ్చి, గుండె దాకా వచ్చి, కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆడడానికి టైమే లేదు. విజిల్ వేశారు. అప్పుడు నా పక్కన ఎవరో అన్నారు, తడి బంతి, జారింది పాపం అని. నీకూ వినిపించింది. నీ వీపు చూస్తేనే తెలిసింది. లేచి ఆయన్ని ఏదో అని, జనాన్ని తోసుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయావు. నేను వెనకాల పరుగెత్తాను, అందలేదు.

నేను ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకు, తెచ్చుకున్నా ఫరవాలేదు. ఓడిన రోజు పిచ్చుక ఇంట్లో ఏం చేసేవాడో నీకు తెలుసు. గ్రౌండులో ఏం చేసేవాడో నాకు తెలుసు. వెళ్లిపోయేవాడు కాదు. అందరూ తిట్టుకుంటూ పోతుంటే కంచె దగ్గర నిలబడి, ఆఖరి ఆటగాడు లోపలికి వెళ్లేదాకా చప్పట్లు కొట్టేవాడు. ఒకసారి సిగ్గేసి, చాల్లే రారా అన్నాను. "గెలిచినోళ్లకి ఎవరైనా కొడతారత్తా" అన్నాడు. అందుకే నిన్న నేను తిరిగొచ్చి వాడి బదులు కొట్టాను. నేను, కటింగ్ షాపాయన. ఇద్దరమే. నువ్వుంటే బాగుండేది. తిట్టుకుంటూ వెళ్లిపోయావు, వాడైతే వెళ్లేవాడు కాదు.

ఇప్పుడే అన్నయ్య ఫోన్ చేశాడు. చొక్కా మేకుకి లేదట, బకెట్టు వాకిట్లో ఉందట. ఏం చెయ్యాలో తెలియక గుమ్మంలోంచే చేశాడు. నీకు ఇవ్వమని అరిచాను, నువ్వు ఫోన్ తీసుకోలేదు.

ఈ ఉత్తరం అందేలోపే ఏమవుతుందో, అయినా రాస్తున్నాను. ఉతకకు వదినా. నీ కాళ్లు పట్టుకుంటాను. ఒక్కసారి నీళ్లలో పడితే తిరిగిరాదు, ఆ సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. నాకివ్వకపోయినా సరే, నన్ను ముట్టుకోనివ్వకపోయినా సరే. అలా మేకుకి ఉండనియ్.

నీ ఆడపడుచు


మార్చి 17

అమ్మాయీ,

ఉతికేశాను.

ఈ మాట ముందే రాస్తున్నాను, నువ్వు కింద దాకా వెతుక్కోకుండా. ఇప్పుడు కూర్చుని నన్ను తిట్టుకో. తిట్టుకున్నాక మిగతాది చదువు. నాలాగా మధ్యలో మడిచెయ్యకు.

తిట్టుకుంటూ వెళ్లిపోయానని రాశావు. తిట్టుకుంటూ వెళ్లాను, నిజమే. కానీ వెళ్లింది బస్సు దగ్గరికి కాదు. ఆటగాళ్లు బయటికొచ్చే గేటు దగ్గరికి వెళ్లాను. జారిందన్న మాట విన్నాక నా ఒంట్లో మంట ఎటు పోవాలో దానికే తెలియలేదు. ఈ ఒక్కడి మొహం మీదైనా అడగాలనుకున్నాను. టైర్ల షాపు ఓనర్ని అడిగితే తలుపేసుకున్నాడు. పోలీసాయన్ని అడిగితే కాగితం చూపించాడు. వీడు ఎటు పోతాడు, బస్సెక్కాలంటే నా ముందునుంచే కదా పోవాలి.

వాన పడుతూనే ఉంది. ఒక్కొక్కరే తలలు దించుకుని వెళ్లి బస్సెక్కారు. అందరికంటే చివర వాడు. దూరం నుంచి గోడలా ఉంటాడు గాని దగ్గర్నుంచి చూస్తే పిల్లాడు. మనవాడి వయసే. నేను అడ్డం నిలబడ్డాను. ఎవరో నన్ను లాగబోయారు, వాడే వద్దన్నాడు.

"జారిందని మాత్రం అనకు" అన్నాను. "ఏమైనా అను, ఆ మాట అనకు."

వాడు నన్ను చూశాడు, సంచిని చూశాడు. నేనెవరో వాడికి తెలియదు, ఆ సంచిలో ఏముందో తెలియదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, బడిలో దెబ్బలకి భయపడ్డ పిల్లాడిలాగా.

"జారలేదమ్మా. నేనే వదిలేశాను" అన్నాడు.

అమ్మాయీ, ఇన్ని నెలల్లో ఒక మనిషి నా కళ్లలోకి చూసి నేనే అన్నాడు. నాకు సంబంధం లేని బంతి గురించి, నాకు ఏమీ కాని పిల్లాడు. నా కొడుకు గురించి అనాల్సిన వాళ్లు ఎవరూ అనలేదు. వాణ్ణి తిట్టాలని ఎన్ని మాటలు పోగు చేసుకున్నానో, ఒక్కటీ రాలేదు. తల తుడుచుకో, జలుబు చేస్తుంది అన్నాను. అంతే అన్నాను. వెనక్కి తిరిగేసరికి నాకు ఏడుపొచ్చింది. కంచె పట్టుకుని ఏడ్చాను. నేను ఆ గేటు దగ్గర కాచుకుని ఉన్నప్పుడు నువ్వు అవతల చప్పట్లు కొడుతున్నావన్నమాట. ఆ సంగతి వాడు నాకెప్పుడూ చెప్పలేదు. ఇంటికొచ్చి బకెట్లో చొక్కా పడేసి మొహం తిప్పుకునేవాడు, ఓడిపోయారని అలిగాడనుకునేదాన్ని. అందరికీ చప్పట్లు కొట్టి వచ్చి, మనసులో ఉన్నది నా బకెట్లో వేసేవాడు కాబోలు. నీకు తెలిసిన సగం, నాకు తెలిసిన సగం. ముందే ఫోన్ ఎత్తి ఉంటే ఇంకెన్ని తెలిసేవో. తప్పు ఎవరిదో ఇప్పుడు మొదలెట్టకు.

ఇక ఉతకడం. ఓడారు కాబట్టి ఉతికానని అనుకుంటావు. అది ఒకటి. వాడి మాట వాడిది. కానీ అదొక్కటే అయితే నేను కూడా ఏదో వంక పెట్టి తప్పించుకునేదాన్నేమో. అసలు సంగతి వేరే. ఆ వాసన పోతోంది. నువ్వు పెట్టెలో పెట్టినా పోయేది. నేను బట్టల మనిషిని, నాకు తెలుసు. మొదట్లో చంక దగ్గర ముక్కు పెడితే వాడు. తర్వాత వాడు, గోడ సున్నం. ఆ తర్వాత మేకు తుప్పు, సున్నం, ఎక్కడో వెతికితే వాడు. రోజూ కొంచెం. నేను ఏమీ చెయ్యకుండా, ఎవరూ ఏమీ చెయ్యకుండా, దానంతట అదే. ఇంకొన్నాళ్లు పోతే అది కూడా జారిపోయిందమ్మా అని నేనే నలుగురితో అనేదాన్ని. ఆ మాట నా నోట రాకూడదు. పోతే నా చేత్తో పోవాలి. నేనే చేశాను అని చెప్పుకునేలా పోవాలి.

అందుకని మిషన్లో వెయ్యలేదు. వాకిట్లో బకెట్టు, చల్లని నీళ్లు. మీ అన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు, ఫోన్ చేతిలో పట్టుకుని, నీ గొంతు అందులోంచి అరుస్తూనే ఉంది. నానబెట్టాను. నీళ్లు టీ రంగులోకి వచ్చాయి. అవి పారబొయ్యడానికి చాలాసేపు పట్టింది. వాకిట్లో మొక్క మొదట్లో పోశాను. సబ్బు పెట్టాను, జాడించాను. రెండో నీళ్లకే వాసన పోయింది. మూడో నీళ్లు అక్కర్లేదు. నా చేతి పని అలాంటిది అమ్మాయీ, ఏదీ మిగలదు. ఈ చేతుల్ని ఆ రోజు నేను ఎంత తిట్టుకున్నానో రాస్తే ఈ కాగితం చాలదు.

పిండి ఆరేశాను. సాయంత్రం దాకా దాని కింద కూర్చున్నాను, ఎవరితోనూ మాట్లాడకుండా. వాడు అలాగే చేసేవాడు కదా. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

టైర్ల షాపు ఓనరు దగ్గరికి మళ్లీ వెళుతున్నాను. ఈసారి తలుపేసుకుంటే తలుపు దగ్గరే కూర్చుంటాను. నాకు ఆయన ఇచ్చేది ఏదీ వద్దు. గోల్‌కీపర్ పిల్లాడు అన్న ముక్క ఆయన నోటితో అనాలి. కటింగ్ షాపాయన వస్తానన్నాడు. నువ్వు కూడా రా. మైకు ఉన్న నోరు ఒకటి పక్కన ఉండటం మంచిది. మీ బస్టాండులో మా ఊరి బస్సు నువ్వే చదివి, నువ్వే ఎక్కు.

ఉతికిన చొక్కాని తర్వాతి మ్యాచ్‌కి మళ్లీ వేసుకోవాలని కూడా చట్టంలో ఉందట, కటింగ్ షాపాయన చెప్పాడు. కొత్త సీజను మొదలైనప్పుడు ఎవరు వేసుకోవాలో గ్రౌండులో తేల్చుకుందాం. కొన్నది నేనంటావు. కుట్టింది నేనంటాను. నీకు పొట్ట దగ్గర పట్టదు, ముందే చెబుతున్నాను.

ఇంకొకటి. ఇస్త్రీ చేస్తుంటే కింద అంచు దగ్గర వాడి బొటనవేలు అచ్చు కనిపించింది, నల్లగా, గీతలతో సహా. నీళ్లకీ సబ్బుకీ కదలలేదు. కిరసనాయిలు సీసా అరమీదే ఉంది, తీసి కింద పెట్టాను, మూత కూడా తిప్పాను. మళ్లీ బిగించేశాను. వాడు ఉతకమన్నాడు గాని, మరక వదలగొట్టమని ఎక్కడా అనలేదు కదా.

మీ వదిన